చెంబెడు ఉప్పునీళ్లు

సముద్రం వేడెక్కి నీళ్లలో కంటికి కనపడని, ప్రాణాలు తీసే పురుగు పెరిగాక, ఒడ్డు పొడవునా కంచె వేసి గేట్లు పెట్టారు. గేటు మనిషి ఒంటిని చూస్తుంది. ఆరోగ్యంగా ఉంటే పచ్చ లైటు, లివరు చెడినవాళ్లకీ షుగరు ముదిరినవాళ్లకీ ఎర్ర లైటు. పోలమ్మ కొడుకు కొర్లయ్యకి కామెర్లు వచ్చి లివరు పాడైన దగ్గర్నుంచీ ఎర్రదే. వేట తప్ప మరో పని తెలియని మనిషి, అరుగు మీద కూర్చుని ఊళ్లోవాళ్ల వలలు బాగుచేసేవాడు.

ఒకరోజు అతని అరికాల్లో మేకు దిగింది.

"ఆస్పత్రికి ఎల్దామమ్మా" అన్నాడు.

"మేకు దిగితే ఆస్పత్రేట్రా? మీ అయ్యకి ఏ దెబ్బ తగిలినా ఉప్పునీల్లే మందు. కూకో, తెస్తాను."

గేటు పోలమ్మకి పచ్చ లైటు వేసింది. తిరిగి వస్తున్నప్పుడు ఆమె చేతిలోని చెంబుని పట్టించుకోలేదు. మనుషుల్ని ఆపడమే దానికి నేర్పారు. ఆ గోరువెచ్చటి నీళ్లతో గాయం కడిగి, పసుపు అద్ది, గుడ్డ కట్టింది పోలమ్మ.

తెల్లారేసరికి కాలు నల్లబడి బొబ్బలెక్కింది.

"సముద్రంలో దిగాడా?" అని అడిగింది ఆస్పత్రిలో డాక్టరమ్మ.

"గేటు దిగనిస్తాదేటమ్మా? నేనే సెంబుతో తెచ్చాను" అంది పోలమ్మ. అన్నాక తన చేతులకేసి చూసుకుంది.

సాయంత్రానికి కొర్లయ్య పోయాడు.

కొడుకు అస్థికలు సముద్రంలో కలపడానికి అదే చెంబులో పట్టుకుని గేటు ముందు నిలబడింది పోలమ్మ.

"నా కొడుకొచ్చాడు, సూడు" అంది.

గేటు చూసింది. ఇద్దరికీ కలిపి ఒక్కటే పచ్చ లైటు వేసింది.