ఒక ఊపిరి ముందు

రెండో అంకంలో వాన కొట్టింది. ఇటలీలోని ఆ కొండ ఊరి ఓపెరా వేదికకి పైకప్పు లేదు. చినుకు పడితే అక్కడ ముందు వాద్యాలను కాపాడతారు, తర్వాతే మనుషులను. వేదిక కింది ఇరుకు గూట్లో కూర్చుని, గాయకులకు ప్రతి మాటా ఒక ఊపిరి ముందుగా గుసగుసగా అందించేది ఓర్తెన్సియా. ఆమె వెళ్లిపోయిందనుకుని, వాద్యాలు మోసే ఫౌస్తో, మిగతా పనివాళ్లు గూటి తలుపుకు బయట గడియ పెట్టి, పైన టార్పాలిన్ కప్పేశారు.

"ఒరేయ్ ఫౌస్తో! నేను వయొలిన్నయ్యుంటే ఈపాటికి నన్నెత్తుకుని పరిగెత్తేవాడివి గదరా!"

ఓర్తెన్సియా లోపల్నుంచి తలుపు బాదింది. టార్పాలిన్ మీద వాన చప్పుడొక్కటే. ఆమె మళ్లీ నోరు తెరిచింది.

"తలుపు తియ్యండి," అని గుసగుస వినిపించింది, చెవి పక్కనే.

ఒక ఊపిరి తర్వాత అదే మాట ఆమె నోటివెంట వచ్చింది. "తలుపు తియ్యండి!"

"ఎవరది?" అంది గుసగుస.

"ఎవరది?" అంది ఓర్తెన్సియా.

ఆ గూట్లో ఒక్క మనిషికే చోటు.

వాన ఆగింది. పైన అడుగుల చప్పుడు, ఆ వెంటనే ఫౌస్తో గొంతు.

"అక్కా! లోపలే ఉండిపోయావా ఏంటి? పలకవే!"

పలకబోయింది. చెవి పక్కన గుసగుస ఏమీ అందించలేదు. ఆమె గొంతులోంచి ఏ మాటా రాలేదు.

"లేదులే, వెళ్లిపోయింది," అన్నాడు ఫౌస్తో, పైన ఎవరితోనో.