తెంగిజ్ ముక్తాయింపు

పాత్ర ఎత్తి దీవెన ప్రసంగాలు చేసే విందుపెద్ద షాల్వా ఎంత చక్కగా మాట్లాడినా, అతిథులు ఇంటికి మోసుకుపోయేది అతని బావమరిది తెంగిజ్ ముక్తాయింపునే. ఆ అసూయతోనే, తన మనుమరాలి పెళ్ళివిందులో తన ప్రసంగం తర్వాత మాట పొడిగించే వంతును అతనికి తప్ప అందరికీ ఇచ్చాడు షాల్వా.

కొత్త దంపతులకు షాల్వా హితవు చెప్పి ముగించగానే, “అద్భుతం మామా!” అంటూ ఒక్కొక్కరూ కఖేటి ప్రాంతపు ద్రాక్షసారా తాగేశారు.

“ఏం చెప్పానురా?” అని షాల్వా పక్కవాణ్ణి అడిగాడు.

“అదే మామా... మంచి మాటే!”

తెంగిజ్ పాత్ర మాత్రం నిండుగానే ఉంది.

“నువ్వు తాగవేం?” అని షాల్వా అతణ్ణి నిలదీశాడు.

“ఓర్పుగా ఉండమని మొదలెట్టి, ఎవరికీ తలవంచొద్దని ముగించావు బావా. పాపం పెళ్ళికొడుకు, పెళ్ళాం ముందు ఏది పాటించాలి?”

పందిరంతా ఘొల్లున నవ్వింది. షాల్వాకు ఒళ్ళు మండింది. మరుక్షణమే, తన ప్రసంగాన్ని చివరిదాకా విన్నవాడు ఇతనొక్కడేనని తోచింది.

పాత్ర పట్టుకొని అతని దగ్గరకు నడిచాడు.

“జరగవోయ్. తర్వాతి ప్రసంగం నీకే చెబుతాను.”