శనగగింజంత రాళ్ళు

ఆ మనిషి మూడో రోజు కూడా వచ్చాడు.

రోడ్డు కోసం ఇంటి ఎదురుగా పోసిన కంకర కుప్ప పక్కన గొంతుక్కూర్చుని, రాళ్ళు ఏరి సంచిలో వేసుకుంటున్నాడు.

వెంకాయమ్మ కిటికీ సందులోంచి చూస్తోంది.

అది పంతొమ్మిది వందల అరవై తొమ్మిది, ప్రత్యేక తెలంగాణ ఉద్యమం నడుస్తున్న రోజులు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఆంధ్రా నుంచి వచ్చి కాపురం పెట్టిన ఇళ్ళ తలుపులు పొద్దుండగానే గడియ పడుతున్నాయి. మూసారాంబాగ్‌లో ఎవరింటి కిటికీయో పగిలిందని నిన్ననే విన్నది.

"ఏవండీ, ఆ రాళ్ళు మనకోసమే."

పట్టాభి పేపరు దించి తొంగి చూశాడు. "శనగగింజంత కూడా లేవు. వాటితో ఏం చేస్తాడే?"

"పంగలకర్రతో కొడితే కన్ను పోవడానికి ఎంత రాయి కావాలి?"

ఆయన నవ్వుకుంటూ ఆఫీసుకు వెళ్ళిపోయాడు.

ఆమెకు నవ్వు రాలేదు. లోపల మంచం మీద ఎనిమిదేళ్ళ సూర్యప్రభ ఉంది. టైఫాయిడ్ తగ్గి పదిహేను రోజులైనా, గోడ పట్టుకోనిదే నిలబడలేకపోతోంది. రోజూ ఒక గుడ్డు పెట్టమన్నాడు డాక్టరు. బందులతో కొట్లు తెరిస్తే కదా.

పనిమనిషి బాలమ్మే ఎక్కడి నుంచో రోజుకో గుడ్డు కొంగున కట్టుకొస్తోంది. పెంకు మీద ఏదో బొగ్గు మరక ఉంటుంది. వెంకాయమ్మ దాన్ని తుడిచేసి ఉడకబెడుతుంది.

"ఎక్కడిదే ఇది?" అని ఒకసారి అడిగింది.

"దొరికిందమ్మా. పాపకు పెట్టుర్రి."

ఎవరి దొడ్లోంచి కాజేస్తోందో అనుకుంది. మళ్ళీ అడిగితే తేవడం మానేస్తుందేమోనని ఊరుకుంది.

ఇక ఉండబట్టలేక కిటికీ రెక్క తీసింది. "ఎవరయ్యా నువ్వు? ఆ రాళ్ళెందుకు?"

అతను లేచి చేతులు దులుపుకున్నాడు. ఆమెను దాటి లోపలి మంచం కేసి చూశాడు.

"పాపకు జర నయమైందా అమ్మా?"

వెంకాయమ్మ రెక్క మూసేసింది. గడియ పెట్టింది. పిల్ల సంగతి వీడికెలా తెలుసు?

కాసేపటికి పోలీసు జీపు వీధిలోకి వచ్చింది. వారం రోజులుగా గడప దాటనిది, పరుగున ఎదురెళ్ళింది.

"ఆ మనిషే. రాళ్ళు పోగేస్తున్నాడు. మా పిల్ల మీద కన్నేశాడు."

"ఎందుకురా రాళ్ళు?" అన్నాడు జవాను.

"కోళ్ళకు సార్."

"కోళ్ళు రాళ్ళు తింటయారా?"

జీపులో అందరూ నవ్వి, అతన్ని ఎక్కించుకుపోయారు. అబద్ధమాడడం కూడా చేతకాని వెధవ అనుకుంది వెంకాయమ్మ. ఆ రాత్రి హాయిగా నిద్రపోయింది.

ఆ తర్వాత ఎనిమిదో రోజున బాలమ్మ వట్టి చేతులతో వచ్చింది.

"గుడ్డేదే?"

"నిన్నటి సంది ఒక్క కోడి గుడ్డు పెట్టలేదమ్మా. తిన్నది అరుగుతలేదు వాటికి."

"ఏదైనా మందు వెయ్యకపోయారా?"

"మందేందమ్మా, రాళ్ళు గావాలె. కోడికి నమలనీకె పండ్లుంటయా? గింజను గట్లనే మింగుతది. కందనకాయల రాళ్ళుంటేనే తిరగలి లెక్క పిండి జేస్తయి. ఇడిసిపెడ్తే అదే ఏరుకుంటది. గొడవలల్ల ఎత్కపోతున్నరని తీగల జాలీల బెట్టిన్రు. రాళ్ళు ఏరి తెచ్చే సాలోమోనన్నను పోలీసోళ్ళు పట్కపోయిన్రు."

వెంకాయమ్మ పొయ్యి వైపు తిరిగి నిలబడింది.

"ఎవలో చెప్పిన్రంట," అంది బాలమ్మ, చీపురు అందుకుంటూ.

వెంకాయమ్మ బయటికి వెళ్ళింది. అతను కూర్చున్న చోటే కూర్చుని, చిన్న చిన్న రాళ్ళు ఏరి కొంగులో పోసుకుంది. దారిన పోయేవాళ్ళు ఆగి చూశారు. చూడనీ అనుకుంది.

బాలమ్మ దారి చూపగా బస్తీలోకి నడిచింది.

కోళ్ళను మూసిన జాలీ ముందు సాలోమోను భార్య రెబెక్క ఒడిలో కోడిని పెట్టుకుని కూర్చుని ఉంది. ఆమె వెంకాయమ్మ చెయ్యి పట్టుకుని కోడి మెడ కింద ఆనించింది. అక్కడ తిత్తి గట్టిగా, ఉబ్బుగా తగిలింది.

"నిండ గింజలే అమ్మా. అయినా ఆకలితోటి సస్తున్నయి. నాలుగు పోయినయి."

"మీ ఆయన..."

"జైలుకు పంపిన్రంట. ఏ జైలో ఎవలు చెప్తలేరు."

పట్టించింది నేనే అనాలని నోటిదాకా వచ్చింది. "రాళ్ళు తెచ్చాను," అంది.

రెబెక్క ఆ రాళ్ళకేసీ ఆమెకేసీ చూసింది. కోడిని దించి, లోపలికి వెళ్ళి గుడ్డొకటి తెచ్చింది.

"గిప్పుడే ఒకటి పెట్టింది. మీరు రాకుంటే పంపేదాన్ని."

పెంకు మీద బొగ్గుతో గీసిన రెండు గీతలు. ఒకటి నిలువు, ఒకటి అడ్డం.

తను రోజూ తుడిచేసిన మరక.

"ఏమిటమ్మా ఇది?"

"సిలువ. దినాం మొదటి గుడ్డు దేవునిది, చర్చికి ఇస్తం. బాలమ్మ మీ పాప సంగతి చెప్పినకాడి నుంచి మా ఆయన దాన్ని మీ ఇంటికే పంపబట్టిండు. ఆంధ్రోళ్ళింటికని తెలిస్తే బస్తీల లొల్లి అయితదని ఎవలకు చెప్పనియ్యలే."

వెంకాయమ్మ గుడ్డును రెండు చేతులా పట్టుకుంది. అది ఇంకా వెచ్చగానే ఉంది.

"పట్కపోయిన తెల్లారి ఠాణాల కలిస్తే గూడ," అంది రెబెక్క, "నా సంగతి తర్వాత, పాప గుడ్డు మాత్రం ఆపకు అన్నడు."