రాతిగుంటలో ఏకగ్రీవం

సముద్రతీరంలోని ఒక రాతిగుంటలో మూడు వందల ఆల్చిప్పలు రాళ్లకు అతుక్కుని బతికేవి. వక్రగతి అనే పీత ఆ గుంటకు పెద్ద. సముద్రపు నీళ్లు లోపలికి వచ్చే దారికి ఒక బండ అడ్డంగా ఉండేది. వక్రగతి పీఠం అదే.

ఆ ఏడు సముద్రం నెల రోజులుగా కాగుతూనే ఉంది. లోతుకు వలసపోతున్న ఒక ముసలి చేప గుంట దగ్గర ఆగింది.

"పెద్దయ్యా, బయటే ఇంత వేడిగా ఉంటే ఈ గుంటలో వీళ్లు ఉడికిపోతారు. ఆ బండ జరపండి, పోటుకి కాస్త చల్లనీళ్లు వస్తాయి" అంది.

"దారిన పోయేవాళ్లు చెప్పారని పీఠం కదపడం మా పద్ధతి కాదు. సభ పెడతాను" అన్నాడు వక్రగతి.

పెద్ద చెప్పిన మాట నచ్చనివాళ్లు చిప్ప తెరవాలి, మూసుకుని ఉంటే ఒప్పుకున్నట్టే. అది ఆ గుంట ఆచారం.

"నీళ్లు వేడిగా లేవు, బండ కదపక్కర్లేదు. కాదనేవాళ్లు తెరవండి" అన్నాడు.

వేడికి తాళలేక ఆల్చిప్పలన్నీ బిగుసుకుని ఉన్నాయి. ఒక్కటీ తెరుచుకోలేదు.

"చూశావా, ఏకగ్రీవం" అన్నాడు వక్రగతి. చేప తన దారిన లోతుకు వెళ్లిపోయింది.

మూడో రోజుకు మూడు వందల చిప్పలూ తెరుచుకున్నాయి. ప్రాణం పోతే చిప్ప దానంతటదే తెరుచుకుంటుంది. అది గుంట ఆచారం కాదు, సముద్రం ఆచారం.

వక్రగతికి ఒళ్లు మండింది. "మొన్న ఒప్పుకుని ఇవాళ అడ్డం తిరుగుతారా? సరే, కారణం చెప్పండి" అని మధ్యాహ్నం దాకా కూర్చున్నాడు. ఎవరూ పలకలేదు.

కారణం చూపలేదు కనక అభ్యంతరం చెల్లదని తీర్పిచ్చి, కాళ్లు కాలుతుంటే పీఠం దిగి, పక్కపక్కకు జరుగుతూ లోతు నీళ్ల వైపు వెళ్లిపోయాడు.