గాయం ఆరాక

"ముందు ఆ కాలు పక్కన పెట్టి నా మాట వినండి బావగారూ" అంది ఆ అమ్మాయి.

బావగారు కాలు పక్కన పెట్టలేదు. బల్లకు బిగించిన కొయ్యకాలి మడమ మీద చిత్రిక పడుతూ, "చెవులు ఖాళీగానే ఉన్నాయి, చెప్పు" అన్నాడు.

పెళ్ళి కాకుండానే ఆయన్ని బావగారని పిలవడం ఆమెకు అలవాటైపోయింది. అంతా సవ్యంగా ఉంటే ఆయన తమ్ముడు చిన్నోడితో ఆమె పెళ్ళి ఈపాటికి జరిగిపోయేది. పెళ్ళికి బదులు యుద్ధం వచ్చింది. ఆమె ఈ కొట్టులో కొయ్యకాళ్ళకు తోలు పట్టీలు కుట్టే పనిలో చేరింది. వీధిలో అన్ని కొట్లూ మూతపడ్డాయి గానీ దీనికి మాత్రం గిరాకీ తగ్గలేదు.

"రేపు పొద్దున్నే చిన్నోడు పటాలంలో చేరాలి. మీకు చీమ కుట్టినట్టయినా లేదు."

"ఏం చెయ్యమంటావు?"

"ఎక్కడైనా దాచండి."

"మొన్న కొలిమాయన తన కొడుకుని అటక మీద దాచాడు. ఏమైందో చూశావుగా."

చూసింది. తండ్రినీ కొడుకునీ ఒకే గోడ దగ్గర నిలబెట్టి కాల్చారు. అప్పట్నుంచీ ఆమె ఆ దారిన రావడం మానేసింది.

"పోనీ ఒంట్లో బాగాలేదని రాయించండి. మీకు డాక్టర్లు తెలుసు కదా."

"నాకు తెలిసినవాళ్ళంతా యుద్ధంలోనే ఉన్నారు. పటాలంలో చేర్చుకునేచోట కూర్చున్నవాళ్ళు దగ్గుకీ మెల్లకన్నుకీ కరగడం ఎప్పుడో మానేశారు. చెవిటివాణ్ణి కూడా వంటకి పనికొస్తాడని లాక్కుపోతున్నారు."

ఆమెకు ఏడుపు ముంచుకొచ్చింది. "పొద్దున అత్తయ్య ఏమందో తెలుసా? పెద్దాడి దగ్గర కాలు తీసుకుని వదిలిపెట్టారు, నడిపివాణ్ణి అసలు వదల్లేదు, ఇప్పుడు చిన్నోడి మీద పడ్డారు అని గోడకేసి తల కొట్టుకుంది. చిన్నోడు చూస్తే తెల్లారినప్పట్నుంచీ కనపడటం లేదు. ఆఖరి రోజు కూడా నా దగ్గర ఉండకుండా ఎక్కడ తిరుగుతున్నాడో."

చిత్రిక కాసేపు ఆగింది. బావగారు తన కొయ్యకాలి మీంచి బరువు మార్చుకుని, మళ్ళీ పనిలో పడ్డాడు. "పట్టీ సంగతి చూడు. పై అరలో మెత్తటి తోలు ఉంది, అది తియ్యి."

"అది ఆఫీసర్ల కోసం దాచింది కదా."

"వీడికి అదే వెయ్యి. కుర్రవాడు. ఇంకా చాలా ఏళ్ళు నడవాలి."

ఆమెకు ఒళ్ళు మండింది. రేపటితో ఈ కొట్టు, ఉలులూ రంపాలతో సహా, యుద్ధం దగ్గరి ఆసుపత్రికి తరలిపోతోంది. బావగారూ వెళ్ళాలి. సామాను సర్దుకోవాల్సిన మనిషి, తమ్ముడి ప్రాణం గాల్లో దీపంలా ఉన్నవేళ, ముక్కూ మొహం తెలియని ఎవడి కాలో పట్టుకుని కూర్చున్నాడు. అయినా కుట్టింది. కోపమంతా దారం మీద చూపించింది. కుట్టు మాత్రం గట్టిగా పడింది.

"ఇలా రా" అన్నాడు బావగారు. కాలి పైభాగం చూపించాడు. తెగిన తొడ కూర్చోవాల్సిన గిన్నె అక్కడ ఇంకా తొలవలేదు. "ఇది నువ్వు తొలవాలి. ఎలాగో చెప్తాను."

"మీరే తొలిచెయ్యొచ్చుగా?"

"గాయం ఆరాక గానీ కొలత తెలీదు. అప్పటికి నేనిక్కడ ఉండను. చిన్న ఉలి నీకు వదిలి వెళ్తాను. తొందరపడకుండా కొంచెం కొంచెంగా తొలువు. లోపల ఉన్ని పరుచు. నొప్పంటే మళ్ళీ తొలువు. తిడతాడు, పడు. మొదట్లో అందరూ తిడతారు. నేను మా అమ్మనే తిట్టాను."

"నా బతుకు బండలైపోతుంటే ఊళ్ళోవాళ్ళకి కాళ్ళు తొలుస్తూ కూర్చోనా?"

"ఊళ్ళోవాళ్ళకి అక్కర్లేదు. వీడొక్కడికి చాలు."

ఇంతలో పశువుల డాక్టరు సంచీ పట్టుకుని వచ్చాడు. మనుషుల డాక్టర్లు వెళ్ళిపోయాక ఊళ్ళో కట్లు మార్చడానికి కూడా ఆయనే దిక్కు. మధ్యాహ్నానికే తూలుతూ కనపడే మనిషి, ఇవాళ తిన్నగా నడుస్తున్నాడు.

"నీళ్ళు కాగాయా?" అని అడిగాడు.

"కాగాయి. తాగొచ్చావా?"

"ముట్టుకోలేదయ్యా. కావాలంటే చెయ్యి చూడు." చెయ్యి చాపాడు. అది వణకడం లేదు. ఆమె కళ్ళలోకి చూడకుండా వెనక గదిలోకి వెళ్ళిపోయాడు.

బావగారు వీధి తలుపు గడియ పెట్టి వచ్చాడు. "పట్టీ తీసుకుని లోపలికెళ్ళు. తొడకి సరిపోతుందో లేదో చూడు. అయ్యాక అక్కడే ఉండి అతని చెయ్యి పట్టుకో."

"నేనెందుకు? మీరున్నారుగా."

"నా వల్ల కాదమ్మా" అన్నాడు. కాళ్ళు పోయినవాళ్ళను ఎంతమందిని చూసినా చెమ్మగిల్లని ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆమె కొంగుతో మొహం తుడుచుకుని వెనక గది తలుపు తోసింది.

కాలు పోయినవాడి దగ్గరికి వెళ్తే ముందు మొహమే చూడాలని పనిలో చేరిన కొత్తలోనే నేర్చుకుంది. అలాగే చూసింది. బల్ల మీద చిన్నోడు కూర్చుని ఉన్నాడు. ఆమెను చూసి నవ్వబోయాడు గానీ నవ్వు రాలేదు. పంట్లాం ఎడమవైపు తొడదాకా మడిచి ఉంది. ఆమె కిందికి చూసింది.

అతనికి రెండు కాళ్ళూ ఉన్నాయి.