ఎదురువెట్టి

“అంచు మీద కూర్చుంటవేంది మొగులమ్మా? మంచిగ ఆనుకొని కూర్చో. కుర్చీ నీదే కద!” అన్నాడు సూర్యప్రకాశరావు, ఒళ్ళో ఫైలు సర్దుకుంటూ.

మొగులమ్మ వెనక్కి జరిగి ఆనుకుంది. ఆమె కాళ్ళ దగ్గర వట్టి నేల మీద గొంతుక్కూర్చున్నాడు లింగారావు. రుద్రారం చుట్టూ ఏడూళ్ళకు దొర. నెత్తిన రుమాలు లేదు. చెప్పులు విప్పి చంకలో పెట్టుకున్నాడు. ఒకప్పుడు ఆయన గడీ ముందునుంచి పోయేవాళ్ళంతా అట్లా పోయినవాళ్ళే. కాలం తిరగబడటమంటే ఇదీ! చూడటానికి రెండు కళ్ళు చాలవు.

ఎదురువెట్టి చట్టం డెబ్బై మూడులో వచ్చింది. ఎవరిచేత ఎన్నేళ్ళు వెట్టి చేయించుకుంటే వాళ్ళింట్లో అన్నేళ్ళు వెట్టి చెయ్యాలి. అంతే చట్టం, పిల్లలకు కూడా అర్థమవుతుంది. మొగులమ్మ పెనిమిటి సంగయ్య లింగారావు గడీలో ఇరవై రెండేళ్ళు చాకిరీ చేసి చనిపోయాడు. అందుకని లింగారావుకు ఇరవై రెండేళ్ళు పడింది. మూడేళ్ళకు ఒక తనిఖీ, పొడుగాటి సర్కారు ఫారం. అందులో ఆఖరి ప్రశ్నే అసలైనది. మిగతా ఏళ్ళు చేయించుకుంటారా, మాఫీ చేస్తారా? మొగులమ్మ మాఫీ అంటే లింగారావు బయటపడతాడు. కాదంటే ఇంకా పందొమ్మిదేళ్ళు. ఆయనకు ఇప్పటికే అరవై.

“నీళ్ళు ఎవరు తోడుతరు?” ఫారం చూస్తూ అడిగాడు సూర్యప్రకాశరావు.

“లింగారావు దొర తోడుతడు సారూ.”

“దొర అనొద్దు. చట్టం ఒప్పుకోదు. కట్టెలు ఎవరు కొడతరు?”

“ఆయననే.”

“తిండి ఏం పెడతవు?”

“మిగిలిన అంబలి. దోసిట్ల పోస్త.”

“ఏదీ, పోసి సూపెట్టు.”

మొగులమ్మ ముంత ఎత్తింది. లింగారావు దోసిలి పట్టి తల వంచాడు. ఆమె చెయ్యి వణికి అంబలి ఆయన మీసాల మీదుగా కారింది.

“వణుకుడెందుకు? నీ హక్కు ఇది. నువ్వు ఇంకా జెర ఒంగు లింగారావూ, గట్ల నిటారుగ ఉంటే ఎట్ల?”

లింగారావు ఇంకాస్త వంగాడు. నడుము పట్టేసినట్టుంది, “అబ్బా” అన్నాడు. మొగులమ్మకు నవ్వొచ్చి కొంగు అడ్డం పెట్టుకుంది.

“నువ్వు ఊరికి పోతే బండి ముందర ఉర్కుతడా?”

“మా తాన బండేడిది సారూ? పటాన్‌చెరు ఫ్యాక్టరీల ఊడ్సనీకి బస్సుల పోత.”

“మరి ఈయన?”

“బస్సు ముందర ఉరికితే డ్రైవరు తిట్టడా? ఎనక ఉర్కుతడు.”

“ఎనక అని ఫారంల లేదు. ముందర అనే చెప్పు” అన్నాడు సూర్యప్రకాశరావు. సర్కారు కాగితం సంగతి తెలిసిందేగా, దానికి బస్సు పట్టదు, బండే పడుతుంది.

తర్వాత లింగారావు వంతు.

“వెట్టి మంచిగున్నదా?”

“మస్తుగున్నది సారూ. మోకాళ్ళ నొప్పులు పోయినయి, పొట్ట కరిగింది. ఇంత మంచిదని తెలిస్తే ఎన్నడో చేద్దును. మొగులమ్మ తల్లి నన్ను కడుపుల పెట్టుకొని చూసుకుంటది. పండుగకు పాత బట్టలిస్తది. నాకు వేరే బతుకెందుకు సారూ?”

“గంత వద్దు. అడిగిన దానికే చెప్పు.”

లింగారావు నోరు మూసుకున్నాడు. దొర నోరు మూసుకోవడం మొగులమ్మ చూసింది. ఆమెకు కడుపు నిండినట్టయింది.

“ఇగ ఆయనను పిలువు మొగులమ్మా. ఒరేయ్ లింగా అను.”

“నోరు తిరుగది సారూ.”

“మూడేండ్ల సంది తిరుగలేదా? అనూ!”

మొగులమ్మ దిక్కులు చూసింది. “లింగా” అంది మెల్లగా.

“నాకే ఇనవడలేదు.”

“ఒరేయ్ లింగా!”

“అమ్మా, బాంచెను!” అంటూ లింగారావు లేచి ఉరికొచ్చాడు. మొగులమ్మ పకపకా నవ్వింది. అడగకుండానే ఇంకోసారి పిలిచింది, “ఒరేయ్ లింగిగా, ఇటు రారా!” యాభై ఏళ్ళ బతుకులో అంత తియ్యటి మాట ఆమె నోట ఎన్నడూ పలకలేదు. ఎంత సంతోషమయిందంటే, కాసేపు ఎవరేమంటున్నారో ఆమెకు వినపడలేదు.

“ఆఖరి ప్రశ్న” అన్నాడు సూర్యప్రకాశరావు. “తొందర లేదు, మంచిగ ఆలోచించి చెప్పు. ఇంకా పందొమ్మిదేండ్లున్నయి. చేయించుకుంటవా, మాఫీ చేస్తవా?”

మొగులమ్మ నవ్వు ఆగిపోయింది. సంగయ్య గుర్తొచ్చాడు. దొర కచ్చడం బండి ముందు సంగారెడ్డి దాకా ఉరికి, ఉరికి, ఒకనాడు రొమ్ము పట్టుకుని కూలబడ్డ సంగయ్య. ఆమె లింగారావు వంక చూసింది. అరవై ఏళ్ళ మనిషి రెండు చేతులూ జోడించి నిలబడ్డాడు. ఊపిరి కూడా తీసుకోవటం లేదు.

“పోనీ సారూ” అంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. “పగ పెట్టుకొని నేనేం జేసుకుంట? మాఫీ చేస్తున్న. మా సంగయ్య ఉన్నా గీ మాటే అంటుండె.”

“మనసారా అంటున్నవా? ఎవరన్న బెదిరిచ్చిన్రా?”

“లేదు సారూ. నా ఇష్టంతోనే.”

లింగారావు గట్టిగా ఊపిరి వదిలాడు. మొగులమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుని బొటనవేలు ముందుకు చాపింది. సూర్యప్రకాశరావు ఫైలు మూసేసి లేచి, చేతులు కట్టుకుని లింగారావు ముందు నిలబడ్డాడు.

“రేపు అసలు ఆఫీసరొస్తడు, గిట్లనే చెప్పాలె” అన్నాడు దొర, చంకలోంచి చెప్పులు తీసి తొడుక్కుంటూ.