చాలనే అక్క

అడవిలో కాదు, ఒక మనిషి ఒంట్లోనే, చిన్న కణంలో రెండు ఎంజైము చీమలు ఉండేవి. చెల్లి కొత్తగా ప్యూరిన్ ఇటుకలు, అంటే కణం తన జన్యువులు కట్టుకునే ఇటుకలు, చేసేది. అక్క విరిగిన ముక్కలు ఏరి, మళ్ళీ ఇటుకలుగా అతికించి, "చాల్లే చెల్లీ, ఇక ఆపు" అనేది. ఆ మాట చెవిన పడితేగానీ చెల్లి చేతులు ఆగేవి కావు.

ఒకరోజు చెల్లికి ఒళ్ళు మండింది. "చెత్త ఏరుకునేదానివి, నాకు చెప్పొచ్చావా? ఫో!" అంది. అక్క వెళ్ళిపోయింది.

ఇటుకలు గుట్టలు పడ్డాయి. విరిగిన ముక్కలు ఏరే దిక్కులేక యూరిక్ ఆమ్లమై, మనిషి కాలి బొటనవేలి కీలులో సూదుల్లా పేరుకున్నాయి. కాలు కింద మోపలేక ఆయన పెట్టిన కేకకు కణమంతా అదిరింది.

"అక్కా, ఒక్కసారి చాలనవే!" అని చెల్లి ఏడ్చింది. ఏడుస్తూనే ఇంకో ఇటుక చేసింది.